ఆప్షన్లు లేని లెక్కలు మనకెందుకు?

ప్రశ్న అడిగి, కింద జవాబు రాసుకోమని ఖాళీ జాగా వదిలేసేవాళ్ళను నేను మర్యాదస్తుల కింద జమకట్టను. ఇంటికొచ్చిన మనిషికి కుర్చీ చూపించకుండా, ఎక్కడో ఒకచోట కూర్చోమన్నట్టుంటుంది ఆ వరస. మర్యాద తెలిసినవాడు ప్రశ్న కింద నాలుగు జవాబులు పెడతాడు. మూడు తప్పులు, ఒకటి ఒప్పు. మనం చేయాల్సిందల్లా ఏరుకోవడమే. ఇంతకన్నా నాగరికత ఏముంటుందో మీరే చెప్పండి!

అలాంటిది, కాలేజీల్లో చేరబోయే పిల్లలకు ఈమధ్య కొత్త పీడ ఒకటి తగులుకుంది. దాని పేరు బేసిక్ మ్యాథ్స్ రివ్యూ. భిన్నాలు, శాతాలు, నిష్పత్తులు అంటూ పిల్లలు ఎప్పుడో కష్టపడి మరిచిపోయినవన్నీ మళ్ళీ పిలిచి పక్కన కూర్చోబెడతారట. పైగా ఆప్షన్లు ఇవ్వరట. తెల్లకాగితం చేతికిచ్చి, లెక్క చేసి చూపించమంటారట. ఈ దారుణాన్ని ఎదిరించకపోతే నేను కాలమిస్టుగా ఉండి ప్రయోజనం ఏమిటి?

ఆప్షన్లు మనల్ని ఎంత సుఖపెడుతున్నాయో ఒక్కసారి ఆలోచించండి. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కమంటారు, రెండు నొక్కమంటారు. మీ బాధేమిటని ఎవరైనా అడుగుతున్నారా? అడిగితే చెప్పగలమా? హోటల్లో మెనూ కార్డు లేకుండా వంటవాడు స్వయంగా బయటికొచ్చి, "మీకేం తినాలని ఉంది?" అంటే సగంమంది పస్తులుండి ఇంటికెళ్ళాల్సిందే. స్నేహితుడికి ఒంట్లో బాగోలేదని తెలిస్తే పూర్వం ఉత్తరం రాయాల్సి వచ్చేది. మనసులో ఏముందో వెతుక్కునే ఖర్మ. ఇప్పుడు ఫోన్లో వరసగా బొమ్మలు ఉంటాయి. ఏడుపు బొమ్మ నొక్కేస్తే మన వంతు దుఃఖం అయిపోతుంది.

మా బావ సంగతి చెబితే మీకు విషయం ఇట్టే బోధపడుతుంది. బావంటే మా అక్క భర్త. కళ్ళజోళ్ళ షాపు ఆయనది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన చేసేది ఒకటే పని. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఇనప ఫ్రేము పెట్టి, అందులో అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడగడం. "మీకేం కనిపిస్తోంది?" అని పొరపాటున కూడా అడగడు. వెనకెప్పుడో అడిగితే ఒక పెద్దాయన తన జీవితంలో చూసినవన్నీ చెప్పుకొచ్చాడట. ఆ పూట ఇంకో బేరం జరగలేదట.

ఇంట్లోనూ అదే అలవాటు. టీయా, కాఫీయా? ఫ్యాను వేయాలా, కిటికీ తీయాలా? ఆయన సంసారం అలా కడుపులో చల్ల కదలకుండా నడిచిపోతూ ఉంటుంది. మా అక్క లైబ్రరీలో పనిచేస్తుంది, కాస్త పుస్తకాల గాలి సోకిన మనిషి. ఎప్పుడైనా, "ఆదివారం ఏం చేద్దామండీ?" అంటుంది. బావ గుటకలు మింగుతాడు. "సరే, పడుకుందామా, పడుకుందామా?" అని అక్కే ఆప్షన్లు ఇస్తుంది. అప్పుడు గానీ ఆయన మొహం తేటపడదు.

వీళ్ళ కూతుర్ని ఇంట్లో అందరం గువ్వ అంటాం. గువ్వకు చిన్నప్పటి నుంచీ వంతెనల పిచ్చి. షాపులో ఖాళీ కళ్ళజోడు డబ్బాలన్నీ ఏరుకొచ్చి రెండు బల్లల మధ్య వంతెన కట్టేది. దాని మీద గాజుగోలీ దొర్లించేది. గోలీ అవతలి గట్టుకు చేరితే చప్పట్లు కొట్టేది, పడిపోతే మళ్ళీ మొదలు. పెద్దయ్యాక నిజం వంతెనలు కడతానంది. ఆ కోరిక ఇంజనీరింగులోకి దారి తీస్తుందని తెలిసి మా బావ ఆనందానికి పట్టపగ్గాలు లేవు. వెంటనే కోచింగులో చేర్చేశాడు.

కోచింగులో లెక్కలు చెప్పే ఆయన్ని పిల్లలు షార్ట్‌కట్ సార్ అంటారు. మహానుభావుడు! మొదటి రోజే తన సిద్ధాంతం చెప్పేశాడట. లెక్క చేసేవాడు కూలీ, జవాబు పట్టేవాడు మేధావి. అందుకని ముందు ఆప్షన్లు చూడాలి. మరీ పెద్దది కొట్టేయాలి. మరీ చిన్నది కొట్టేయాలి. ఒకే పోలికలో ఉన్నవి రెండుంటే వాటిలోనే అసలుది దాక్కుని ఉంటుంది. టైము మిగిలితే ప్రశ్న కూడా ఒకసారి చదువుకోవచ్చు, బలవంతమేమీ లేదు.

గువ్వ ఈ విద్యలో ఆరితేరింది. ప్రశ్నను అరచేత్తో మూసేసి జవాబు చెప్పేసేది. ఎవరైనా ఇంటికొస్తే బావ ఆ పిల్ల చేత అదే చేసి చూపించేవాడు. వాళ్ళు నోరెళ్ళబెట్టి చూసేవాళ్ళు. చివరికి మంచి ర్యాంకే వచ్చింది, కోరుకున్న కాలేజీలో వంతెనలు కట్టే శాఖలోనే సీటూ వచ్చింది. బావ షాపులో కళ్ళు పరీక్షించే అక్షరాల బోర్డు కింద గువ్వ ఫోటో పెట్టించాడు. ర్యాంకు మాత్రం బోర్డు మీది మొదటి వరుస కన్నా పెద్ద అక్షరాల్లో రాయించాడు. ఏ అద్దాలూ లేకుండానే అందరికీ కనిపించాలి కదా. ముక్కు మీద ఇనప ఫ్రేముతో కూర్చున్న మనిషి లేచి పారిపోలేడు కాబట్టి, ఆ ర్యాంకు కథ పూర్తిగా విన్నాకే ఊళ్ళోవాళ్ళకు కళ్ళజోడు దక్కేది.

ఇంత సంబరంలో ఉండగా కాలేజీ వాళ్ళ కబురు వచ్చింది. తరగతులు మొదలయ్యే ముందు అందరూ బేసిక్ మ్యాథ్స్ రివ్యూకు రావాలి. చివర్లో పరీక్ష ఉంటుంది. పాసైతే సరే. కాకపోతే ఆరు నెలలు పునాది క్లాసులో కూర్చుని, తర్వాత వచ్చే బ్యాచ్‌తో కలవాలి. బావ ఆ కబురు చదివి నవ్వేశాడు. ఈ ర్యాంకు పిల్లకు బేసిక్సా? "ఈతగాడికి బకెట్టులో పరీక్షా?" అన్నాడు నాతో. నేనూ పడీపడీ నవ్వాను.

మొదటి రోజు క్లాసులో మేడమ్ అందరికీ తలొక కాగితం ఇచ్చింది. ఈ మేడమ్ చీరకొంగు నిండా సుద్దపొడి ఉండే రకం. కాగితం మీద లెక్కలున్నాయి, వాటి కింద ఖాళీ ఉంది. గువ్వ అటు తిప్పింది, ఇటు తిప్పింది. తర్వాత చెయ్యెత్తింది.

"మేడమ్, ఆప్షన్లు ప్రింట్ అవలేదు."

"ఆప్షన్లు లేవమ్మా."

"అంటే, వేరే కాగితం ఇస్తారా మేడమ్?"

"ఇదే కాగితం. లెక్క చేసి జవాబు రాయాలి."

క్లాసంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారట. చూసుకోరూ మరి! ఏదో ముద్రణాలయం వాళ్ళ పొరపాటనుకున్నారు పాపం పిల్లలు. ఆవిడ కావాలనే అలా చేసిందని నమ్మడానికి ఎవరికీ మనసొప్పలేదు.

కానీ మా గువ్వ కుక్కిన పేనులా కూర్చునే రకం కాదు. లెక్క ఏమిటంటే, సగానికి మూడో వంతు కలిపితే ఎంత? గువ్వ కాసేపు ఆలోచించి, కింద ఖాళీలో తనే నాలుగు ఆప్షన్లు రాసుకుంది. ఒకటో ఆప్షను, అయిదింట ఒక వంతు. రెండోది, అయిదింట రెండు వంతులు. మూడోది, ఆరు. నాలుగోది ఏం రాయాలో తోచక 'పైవన్నీ' అని రాసింది. ఇక తనకు తెలిసిన విద్య మొదలుపెట్టింది. ఆరు మరీ పెద్దది, కొట్టివేత. అయిదింట ఒకటి మరీ చిన్నది, కొట్టివేత. 'పైవన్నీ' ఎప్పుడూ పిల్లల్ని పడేయడానికే పెడతారు, కొట్టివేత. మిగిలింది అయిదింట రెండు. దానికి టిక్కు పెట్టి, తల పైకెత్తి, ధీమాగా కాగితం ఇచ్చేసింది.

ఎంత గొప్ప బుర్ర చూడండి! అడిగేవాడు ఆప్షన్లు ఇవ్వకపోతే తనే సృష్టించుకుని, తనే మూడింటిని ఓడించి, నాలుగోదాన్ని గెలిపించింది. ఇది చాలదా? మేడమ్‌కు చాల్లేదు.

"నీ నాలుగింట్లో ఏదీ కాదమ్మా," అంది.

గువ్వకు నమ్మకం కుదరలేదు. నాలుగు ఇచ్చాక అందులో ఒకటి కాకుండా ఎలా పోతుంది?

"నీ దగ్గర సగం రొట్టె ఉంది. నేను ఇంకొంచెం ఇచ్చాను. ఇప్పుడు నీ దగ్గర సగం కన్నా తక్కువ ఉందని రాశావు. మధ్యలో ఎవరు తినేశారు?" అని అడిగింది మేడమ్.

మా గువ్వ ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా కుర్చీలో కూర్చుండిపోయింది. బావ హుషారుగా, "క్లాసు తేలికా, మరీ తేలికా?" అన్నాడు.

"నాన్నా, నాకు లెక్కలు రావు."

"ర్యాంకు వచ్చిందిగా తల్లీ."

"ర్యాంకు వచ్చింది. లెక్కలు రావు. రొట్టె ముక్కల లెక్క కూడా రాలేదు. షాపులో నా ఫోటో తీసేయ్ నాన్నా, నాకు సిగ్గుగా ఉంది." అంటూ ఆ పిల్ల మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది.

బావ గుండెల్లో రాయి పడింది. పిల్ల ఏడుపు ఒకవైపు. ఆరు నెలల పునాది క్లాసు ఇంకోవైపు. కుర్చీలో కూర్చోబెట్టి ర్యాంకు కథ వినిపించిన వాళ్ళంతా రేపు కళ్ళజోళ్ళు సవరించుకుని మరీ తనవైపు చూస్తారే అన్న భయం మూడోది. ఆయనకు ఏ భయం ఎంచుకోవాలో తెలియలేదు. నాకు ఫోన్ చేశాడు.

"ఏమోయ్, పిల్లకి ట్యూషన్ పెట్టించాలా, ఈ రివ్యూనే తీయించేయాలా?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రివ్యూ తీయించేద్దాం బావా. పిల్లల్ని మార్చడం ఎంత కష్టం. పరీక్షను మార్చడం అరనిమిషం పని," అన్నాను. ఇలాంటి తెలివి అందరికీ ఉండదని బావ మెచ్చుకున్నాడు.

మేం ఇద్దరం తల్లిదండ్రుల్ని పోగేసే పనిలో ఉండగా, ఇంట్లో మరో ఉపద్రవం మొదలైంది. గువ్వ చెడిపోవడం మొదలుపెట్టింది. మేడమ్ దగ్గర క్లాసు అయిపోయాక కూడా ఉండిపోయేది. ఇంటికొచ్చి పాత క్యాలెండర్ కాగితాలు పట్టీలుగా కత్తిరించి, సగాలు, మూడో వంతులు పక్కపక్కన పరిచి చూసుకునేది. ఒకరోజు నేను టీ తాగుతుంటే వచ్చి కూర్చుంది.

"మావయ్యా, సగం, మూడో వంతు కలిపితే ఆరింట అయిదు ఎందుకవుతుందో నీకు తెలుసా?"

"తెలుసు," అన్నాను.

"ఎందుకు?"

నాకు సరిగ్గా అప్పుడే ముఖ్యమైన ఫోన్ వచ్చింది. ఫోన్ మోగలేదనుకోండి, అయినా ఎత్తాను. పట్టీలు ముందేసుకుని ఆ పిల్ల ఎంతసేపు ఓపిగ్గా ఎదురుచూసిందంటే, నేను లేని మనిషితో ఆయన కుటుంబ విషయాలన్నీ మాట్లాడాల్సి వచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. షాపుకు కూడా పాకింది ఈ జబ్బు. బావ దగ్గరికి వచ్చేవాళ్ళలో దిగులుపడేవాళ్ళు ఎక్కువ. వాళ్ళను ఓదార్చడానికి ఆయన దగ్గర ఒక పాత మాట ఉంది. ఆరోజు కుర్చీలో ఉన్నది ఒక టైలరు.

"మీ ఎడమ కన్ను సగం పనిచేస్తోందండీ, కుడికన్ను సగం పనిచేస్తోంది. రెండు సగాలు కలిపితే నిండు చూపు. మీకేం ఢోకా లేదు," అన్నాడు బావ.

టైలరు ప్రాణం లేచొచ్చింది. పక్కనే అద్దాలు తుడుస్తున్న గువ్వ తలెత్తింది. "అలా కలపకూడదు నాన్నా. రెండు కళ్ళూ చూసేది ఒకే బోర్డునే కదా. రెండు మసక అద్దాలు పక్కపక్కన పెడితే ఒక మంచి అద్దం అవుతుందా?"

టైలరు ఫ్రేము తీసి గువ్వ వైపు చూశాడు, తర్వాత బావ వైపు చూశాడు. ఇన్నేళ్ళుగా ఎంతమందిని ఇలా కలిపి పంపించాడో బావకు ఒక్కసారిగా గుర్తొచ్చి ముచ్చెమటలు పోశాయి. ఆ టైలరును కంటి డాక్టరు దగ్గరికి పంపించాడు. చూశారా పాఠకులారా! భిన్నాలు వచ్చిన పిల్ల ఇంట్లో ఒక్కతి ఉంటే చాలు, తండ్రికి నిద్ర కరువు.

మా అక్క మాత్రం వేరే మనిషి. "ఒరేయ్, అది ఇన్నాళ్ళకి ఒక లెక్క చేసి నవ్వుతోందిరా. చెడగొట్టకండి," అంది. ఆడవాళ్ళకు ఉద్యమాలు అర్థం కావని సరిపెట్టుకున్నాను.

ఉద్యమం అనుకున్న రోజున జరిగింది. తల్లిదండ్రులమంతా కాలేజీ ఆఫీసు ముందు చేరాం. ఉపన్యాసం నేను రాశాను, బావ చదివాడు. ఆప్షన్లు లేని ప్రశ్న పిల్లల హక్కుల మీద దాడి అనీ, ఖాళీ జాగా చూస్తే లేత మనసులు బెదిరిపోతాయనీ, మేం పిల్లల్ని ఇంత ఖర్చుపెట్టి చదివించింది వాళ్ళచేత లెక్కలు చేయించడానికి కాదనీ గట్టిగా చెప్పాం. ప్రిన్సిపాల్ పోట్లాడతాడనుకుంటే, లోపలికి పిలిచి కూల్‌డ్రింక్ ఇచ్చాడు.

"మీరు ముందే అడగాల్సింది. ఆప్షన్లు పెడితే మిషనే దిద్దేస్తుంది, మాకూ హాయి. పునాది క్లాసుకి గది వెతికే బాధ కూడా ఉండదు," అన్నాడు.

అలా గెలిచేశాం. పరీక్ష పేపరు తయారుచేసే పని మేడమ్‌కు ఇవ్వలేదు. ఆవిడకు తప్పు జవాబులు రాయడం చేతకాదని తీర్మానించి, ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఆయనకు అప్పగించారు. దండలు వేయడం ఒకటే తక్కువ, మేం ఊరేగింపుగా బయటికొచ్చాం.

గేటు దగ్గర గువ్వ నిలబడి ఉంది. "ఎందుకు మావయ్యా ఇలా చేశారు? నాకు ఇప్పుడిప్పుడే వస్తోంది," అంది.

"పిచ్చిదానా, వచ్చినా రాకపోయినా పాసవ్వాలనే కదా ఇదంతా," అన్నాను. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని బ్యాగు భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

పరీక్ష రోజు బావ గేటు బయట పచార్లు చేశాడు. పిల్లలు లోపలికి వెళ్ళినంత వేగంగా బయటికొచ్చారు. అంతా నవ్వు మొహాలే. ప్రశ్నలు చదివావా అని ఒకణ్ణి అడిగితే, అంత అవసరం రాలేదంకుల్ అన్నాడు. అందరూ వచ్చేశారు, గువ్వ రాలేదు. బెల్లు కొట్టాక వచ్చింది. ఎలా రాశావంటే, "ఒకటి తప్ప అన్నీ బాగున్నాయి," అంది. ఒకటి పోతే పోయిందిలే అని బావ ఊపిరి పీల్చుకున్నాడు.

ఫలితాలు వచ్చాయి. అందరూ పాస్. ఒక్క గువ్వ షీటును మాత్రం మిషన్ బయటికి ఉమ్మేసింది. జవాబు గుర్తుపెట్టే బబుల్స్ బయట రాత ఉంటే అది షీటునే తీసుకోదట.

బావ నన్నూ గువ్వనూ వెంటబెట్టుకుని పరీక్షల విభాగానికి పరిగెత్తాడు. అక్కడి క్లర్కు మంచివాడు. పాపం పిల్ల, ర్యాంకు వచ్చిన పిల్ల అని జాలిపడి, బీరువాలోంచి షీటు తీసి బల్ల మీద పెట్టాడు.

లెక్క ఇదీ. ఒక పైపు తొట్టిని రెండు గంటల్లో నింపుతుంది. ఇంకో పైపు మూడు గంటల్లో నింపుతుంది. రెండూ కలిపి తిప్పితే ఎంతసేపట్లో నిండుతుంది? ఆప్షన్లు: అయిదు గంటలు, రెండున్నర గంటలు, ఒక గంటా ఇరవై నిమిషాలు, ఆరు గంటలు. గువ్వ ఏ బబుల్నీ నింపలేదు. పక్కన పెన్సిల్‌తో చిన్నగా, గుండ్రటి అక్షరాలతో 'ఒక గంటా పన్నెండు నిమిషాలు' అని రాసింది.

క్లర్కు రబ్బరూ పెన్సిలూ బల్ల మీదుగా జరిపాడు. "మనలో మన మాట. ఆ రాసింది చెరిపేసి, మూడో బబుల్ నింపెయ్యమ్మా. మిషన్‌లో మళ్ళీ పెడతాను. సోమవారం నుంచి అందరితోపాటే క్లాసుకెళ్ళచ్చు."

బావ ఆ క్లర్కు చేతులు పట్టుకున్నంత పని చేశాడు. రబ్బరు తీసి గువ్వ చేతిలో పెట్టాడు. గువ్వ తీసుకుంది, కానీ చెరపలేదు.

"ఏది నింపాలో తెలియలేదా తల్లీ?" అన్నాడు బావ.

"తెలుసు నాన్నా. రెండో పైపు ఒక్కటే తిప్పినా మూడు గంటలు, మొదటిది ఒక్కటే తిప్పినా రెండు గంటలు. కలిపి తిప్పితే రెండు గంటల లోపే అవ్వాలి. నాలుగింట్లో రెండు లోపు ఉన్నది మూడోదే. హాల్లో చూడగానే తెలిసిపోయింది."

"మరి నింపలేదే?"

"అది తప్పు నాన్నా. గంటలో మొదటి పైపు సగం తొట్టి, రెండోది మూడో వంతు. కలిపితే ఆరింట అయిదు. అయిదు వంతులకి గంటైతే, మిగిలిన ఒక్క వంతుకి పన్నెండు నిమిషాలు. పేపరు తయారుచేసినవాళ్ళకి కాలిక్యులేటర్‌లో ఒకటి పాయింట్ రెండు గంటలు అని వచ్చుంటుంది. పాయింట్ రెండంటే ఇరవై నిమిషాలు అనేసుకున్నారు. గంటలో అయిదో వంతు పన్నెండే కదా."

క్లర్కు గోడగడియారం వైపు చూశాడు. "అయితే ఎనిమిది నిమిషాల తేడాకి ఆరు నెలలు పోగొట్టుకుంటావా అమ్మా? అందరూ అదే నింపారు."

"వాళ్ళకి తప్పని తెలియదు కదండీ. నేను చేసి చూశాను. ఇంతకుముందైతే నింపేసేదాన్ని. ఇప్పుడు చెయ్యి రావట్లేదు."

నేను బావను పక్కకు లాగి, పిల్ల చేతిలోంచి రబ్బరు తీసుకుని మీరే చెరిపేయండి, బబుల్ ఎవరు నింపారో మిషన్‌కు తెలియదు అని చెవిలో చెప్పాను. ఆయన నా మాట విన్నట్టే తల ఊపాడు. షీటు దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టి, ఆ పెన్సిల్ రాతను చాలాసేపు చూశాడు. పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకున్నాడు. సగం, మూడో వంతు దగ్గర ఆగిపోయి, మళ్ళీ మొదలుపెట్టాడు. చివరికి గువ్వ వైపు తిరిగాడు.

"నువ్వేం చేద్దామనుకుంటున్నావమ్మా?"

"పునాది క్లాసులో కూర్చుంటాను నాన్నా. మేడమ్ చెబుతుంది."

బావ రబ్బరు తీసుకుని క్లర్కు బల్ల మీద పెట్టేశాడు. "అవసరం లేదండీ," అన్నాడు.

ఇదీ జరిగింది. ఇప్పుడు చెప్పండి, నేను మొదట్నించీ మొత్తుకుంటున్నది నిజమా కాదా? లెక్క చేయనివాళ్ళంతా పైక్లాసుకు వెళ్ళారు. లెక్క చేసిన ఒక్క పిల్ల పునాది క్లాసులో కూర్చుంది. ఖాళీ గదిలో ఆ పిల్లా, సుద్దపొడి మేడమూ, ఒక నల్లబల్లా. కాలేజీ మాత్రం పిల్లలందరికీ బేసిక్స్ అద్భుతంగా వచ్చాయని బయట ఫ్లెక్సీ కట్టింది. వచ్చే ఏడాది నుంచి రివ్యూ క్లాసులే అక్కర్లేదని తీర్మానం చేసింది. ఆ సంగతి ప్రకటించిన సభకు నన్ను ముఖ్య అతిథిగా పిలిచి శాలువా కప్పారు. కాబట్టి మీ పిల్లలు కాలేజీలో చేరబోతుంటే నా మాట వినండి. వాళ్ళకు ఏమైనా నేర్పండి, లెక్కలు మాత్రం నేర్పకండి. నేర్పితే చెయ్యి రాకుండా పోతుంది.

ఇంకొక శుభవార్త. గువ్వతో రివ్యూకు వచ్చిన ఆ పిల్లలందరిదీ వంతెనలు కట్టే శాఖే. అందరూ గువ్వ కన్నా ముందే చదువు ముగించుకుని బయటికొస్తారు, ముందే ఉద్యోగాల్లో చేరతారు, ముందే వంతెనలు కట్టేస్తారు. మీరు వాటి మీద నిశ్చింతగా నడవండి. నాదేముంది, తొందరపడే పనులేమీ లేనివాణ్ణి. మా గువ్వ ఒకటి కట్టేదాకా ఇవతలి గట్టునే కూర్చుంటాను.